మిరప కల్లంలో ఐరోపా చరిత్ర

రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ బహిరంగ లేఖ



నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన కాలేజీలో చరిత్ర గ్రూపు మూతపడింది. చేరేవాళ్ళు లేరు. 2023–24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చాక పిల్లలు కంప్యూటర్లకీ కామర్సుకీ పోయారు. లైబ్రరీలో మా బీరువా తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలీదు. దీని మీద ఎవరూ ధర్నా చేయలేదు, పేపర్లో రాయలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా పెద్దగా దుఃఖం రాలేదు. మేం ఆ పాఠం చెప్పిన తీరు అలాంటిది మరి.

ఆధునిక ప్రపంచ చరిత్ర అనే పేపరు ఉండేది. పేరుకి ప్రపంచమే గానీ లోపలంతా ఐరోపా. సాంస్కృతిక పునరుజ్జీవనానికి కారణాలు ఆరు, మత సంస్కరణకు కారణాలు ఏడు, ఫ్రెంచి విప్లవానికి ఎనిమిది. నేను బోర్డు మీద రాసేవాణ్ణి, వాళ్ళు నోట్సులో ఎక్కించేవాళ్ళు, మార్చిలో పరీక్ష పేపరు మీద దించేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఒకసారి ఇంకొల్లు వైపు నుంచి వచ్చే కుర్రాడు చివరి బెంచీలోంచి లేచి అడిగాడు: “సార్, 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతికి పోయిందన్నారు. పోతే పోయింది, మనకేంటి సార్?” క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చి కూర్చోమన్నాను. జవాబు తెలిసుంటే కోపం వచ్చేది కాదు.

జవాబు వాళ్ళ కల్లంలోనే ఆరబోసి ఉంది. అది నాకు తట్టడానికి పదేళ్ళు పట్టింది.

కాన్‌స్టాంటినోపుల్ పోయాక తూర్పు సరుకుల దారి ఐరోపావాళ్ళకి ఇంకా ఖరీదైపోయింది. ఆ సరుకుల్లో మొదటిది మిరియం. మిరియాల కోసం సముద్రం మీద వేరే దారి వెతుకుతూ పడమరకి పోయిన కొలంబస్ 1492లో అమెరికా దీవుల్లో తేలాడు. అక్కడ మిరియం లేదు. మిరియం కంటే మంటెక్కించే ఎర్రటి కాయ ఒకటుంది. ఇంకో దారిన వాస్కో డ గామా 1498లో కోళికోడు చేరాడు. ఆయన వెనకే వచ్చిన పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఆ ఎర్రకాయ మన పడమటి తీరానికి దిగింది. అక్కణ్ణించి ఊరూరూ పాకి కృష్ణకి దక్షిణాన ఉన్న మన నల్లరేగడిలో కాళ్ళు చాపుకుని పడుకుంది. చరిత్రకారులు ఈ గొలుసులో ఒకటి రెండు లంకెల మీద తగాదా పడతారు. పడనివ్వండి, క్లాసులో ఆ తగాదా కూడా చెప్పాల్సిందే. కానీ “మనకేంటి సార్” అన్న కుర్రాడికి, “ఒరే అబ్బాయ్, ఆ ఊరి కథ ఇలా తిరిగింది గనకే మీ నాన్న మిరప వేస్తున్నాడు, ఆ మిరప డబ్బుతోనే నువ్వు ఈ బెంచీలో కూర్చున్నావు” అని ఆ రోజే చెప్పగలిగి ఉంటే, వాడు ఆ పేపరు ఇంకోలా చదివేవాడు.

మిరపకాయకి మనం పెట్టుకున్న పేరులోనే మిరియం వాసన ఉంది. అయినా అది బయట నుంచి వచ్చిందంటే మావాళ్ళకి రోషం. గుంటూరు కారం అంటూ సినిమా పేర్లు పెట్టుకున్నాం, గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం, ఆసియాలోనే పెద్ద మిర్చియార్డు మాదని చెప్పుకుంటాం. కానీ కారంపూడిలో యుద్ధం చేసిన పల్నాటి వీరుల్లో ఒక్కడు కూడా పచ్చిమిరపకాయ కొరికి ఎరగడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో భోగాలనుభవించిన శ్రీనాథుడంతటి భోజనప్రియుడు గోంగూర పచ్చడిలో ఎండుమిరపకాయ రుచి చూడకుండానే పోయాడు. ఆ మాట చెప్పిన రోజున నా క్లాసు మొత్తం, తర్వాత ఊళ్ళో వాళ్ళ నాయనమ్మలు కూడా, నన్ను అనుమానంగా చూశారు. టొమాటో, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, పొగాకు, జామ, బొప్పాయి, సీతాఫలం, జీడిమామిడి అన్నీ ఆ ఓడల దారిన వచ్చినవే అన్నాక వాళ్ళకి నమ్మకం ఇంకా తగ్గింది. సీతమ్మ పేరున్న పండు కూడా అమెరికాదేనా అని ఒకావిడ నన్ను నిలదీసింది.

ఇది వంటింటి విషయం, చరిత్ర కాదు అంటారేమో. అయ్యా, ఇక్కడ పశ్చిమ నాగరికత చదవాల్సిన మొదటి చోటు వంటిల్లే. రెండోది చేను.

ప్రత్తి సంగతి చూడండి. ఇది మిరపకి తిరగబడ్డ కథ. మిరప అక్కణ్ణించి ఇక్కడికి వచ్చింది, నూలుబట్ట ఇక్కణ్ణించి అక్కడికి పోయింది. రోమ్ చక్రవర్తుల కాలంలోనే ఎర్ర సముద్రం వైపు నుంచి వచ్చే నావికులు కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల సీమని మసాలియా అని రాసుకుని, అక్కడ సన్నని నూలుబట్ట దండిగా దొరుకుతుందని గుర్తుపెట్టుకున్నారు. వినుకొండ దగ్గర రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. రోమ్ బంగారమంతా తూర్పు సరుకులకే పోతోందని ప్లినీ ఏడ్చింది ఆ రోజుల్లోనే. ఆ బంగారంలో కొంత వినుకొండ మట్టిలో దొరికిందన్న ముక్క మా పాఠ్యపుస్తకంలో లేదు. రోమ్ పతనానికి కారణాలు మాత్రం ఉన్నాయి, తొమ్మిది.

తర్వాత మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో, చినగంజాం పక్కన, సముద్రానికి దగ్గర్లో చిన్న ఊరు. అక్కడి గుళ్ళో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకు పూర్వపు రాజులు లాగేసుకునేవాళ్ళు, మేం న్యాయమైన సుంకం తప్ప ఒక్క పైసా ముట్టుకోం, భయం లేకుండా రండి అని విదేశీ వర్తకులకి రాజు ఇచ్చిన మాట అది. కొన్ని దశాబ్దాలకి వెనిస్ వాడు మార్కోపోలో ఈ తీరం గురించి రాస్తూ మోటుపల్లిని ముత్‌ఫిలి అన్నాడు, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నమన్నాడు, ఈ రాజ్యాన్ని ఏలే రాణిని మెచ్చుకున్నాడు. నేను పిల్లల్ని రెండుసార్లు అక్కడికి తీసుకెళ్ళాను, నా ఖర్చుతో, ఒక షేర్ ఆటో మాట్లాడుకుని. శాసనం ముందు నిలబడి ఒకమ్మాయి అంది: “మరి సార్, మాగ్నా కార్టా కూడా ఇలాంటిదేనా?” 1215కీ 1244కీ ఎడం ముప్పై ఏళ్ళు. రెండూ ఒకటి కావు. అది ఇంగ్లండులో రాజు మెడలు వంచి రాయించుకున్నది, ఇది రాజు తనంతట తాను ఇచ్చింది. ఆ తేడా ఆటోలో తిరిగొచ్చేదాకా వాదించుకున్నాం. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత మంచి క్లాసు ఇంకోటి జరగలేదు.

1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఈ తీరానికే వచ్చింది. నిజాంపట్నంలో, మచిలీపట్నంలో దిగింది. అంతకు అయిదారేళ్ళ ముందే డచ్చివాళ్ళు వచ్చి కూర్చున్నారు. అందరూ వచ్చింది బట్ట కోసమే. మన అద్దకపు బట్ట లండన్లో ఎంత పిచ్చెక్కించిందంటే అక్కడి నేతగాళ్ళు గోలపెట్టి 1700లో ఒకటి, 1721లో ఇంకోటి చట్టాలు చేయించి మన గుడ్డని నిషేధించారు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశం మొదట చేసిన పని ఇది. ఆ తర్వాత మన బట్టకి దీటైన బట్ట చవగ్గా నేయాలన్న పట్టుదలలోంచే లాంకషైర్ యంత్రాలు పుట్టుకొచ్చాయి. పారిశ్రామిక విప్లవానికి కారణాల్లో “బొగ్గు, ఇనుము, మేధావులు” అని నేను రాయించేవాణ్ణి. ఆ జాబితాలో చీరాల సాలెవాడు లేడు. ఉండాల్సింది.

యంత్రాలకి మేత కావాలి. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ గింజలు తీసే మర కనిపెట్టాక అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ప్రత్తీ పెరిగింది, బానిసత్వమూ పెరిగింది. 1861లో వాళ్ళలో వాళ్ళు యుద్ధం చేసుకుంటే లాంకషైర్ మిల్లులు ఆగిపోయాయి, హిందూదేశపు ప్రత్తికి ధర ఆకాశానికెగిసింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర నేలకి దిగింది. మన ప్రత్తి రైతు తన ప్రమేయమేమీ లేని ఒక దూరదేశపు సంగతికి బాగుపడటం, చితికిపోవటం అప్పుడు మొదలయింది. ఇప్పుడు మన చేలల్లో ఉన్న ప్రత్తిజాతి మెక్సికో వైపుది. మార్కోపోలో మెచ్చిన బట్ట నేసింది ఈ ప్రత్తితో కాదు, ఆ పాత నాటుజాతులు ఇప్పుడు మన నేలల్లో ఎక్కడో తప్ప కనపడవు. 2002లో బీటీ విత్తనం వచ్చింది, అదీ అమెరికా కంపెనీ పరిజ్ఞానమే. కొన్నేళ్ళు కాయతొలిచే పురుగు తగ్గింది, తర్వాత గులాబీ పురుగు దాన్ని కూడా తట్టుకోవడం నేర్చుకుంది. ఈ వేళ గుంటూరు జిన్నింగు మిల్లులో ధర చెప్పేవాడు న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ప్రత్తి ఎంత పలికిందో ఫోన్లో చూసి చెబుతాడు. పశ్చిమ నాగరికత నేటి ప్రయోజనం ఏమిటి అన్నది ఎం.ఏ. పరీక్షలో ఇరవై మార్కుల ప్రశ్న. జవాబు జిన్నింగు మిల్లు గేటు దగ్గర ఉచితంగా చెబుతున్నారు.

ఇంతవరకూ చదివి, ఇదంతా దోపిడీ కథే కదా అనుకుంటే తొందరపడినట్టే. పడమర మన ఊళ్ళోకి ఎలా వచ్చింది అన్నది ఊళ్ళో ఏ వీధిలో నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. సాలెవీధిలో అది మగ్గాన్ని ఆపింది. మాదిగవాడలో అది ఇంకోలా వచ్చింది. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ క్రీస్తు కథ విని, వెతుక్కుంటూ వెళ్ళి దాన్ని తన కులం వాళ్ళకి తెచ్చుకున్నాడు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికా బాప్టిస్టు క్లౌ దొర, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కంట్రాక్టు పట్టి, తిండిలేని జనానికి కూలి చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అన్నం కోసం మారారని అగ్రహారాలవాళ్ళు వెక్కిరించారు. వెక్కిరించినవాళ్ళెవరూ వాళ్ళకి అన్నం పెట్టిన దాఖలా మాత్రం లేదు. బడి, పలక, పేరు పెట్టి పిలిచే మనిషి ఆ వాడకి ఆ దారినే వచ్చాయి. గుంటూరుకి 1842లో లూథరన్ మిషనరీ హెయర్ వచ్చాడు, 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. ఆడమనిషి వైద్యం చేయడమేమిటని నవ్విన గుంటూరే తర్వాత ఆవిడ ఆసుపత్రి ముందు బళ్ళు కట్టించుకుని నిలబడింది. ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ 1885లో మొదలైంది. మన కవి జాషువా లూథరన్ బళ్ళ దారిలో నడిచినవాడే.

అదే పడమర ఎరుకల వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకో వేషం. మనుషుల్లో కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్థులని 1871లో చట్టం చేశారు. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం ఆ చట్టం కట్టిన ఊరు. మద్రాసు గవర్నరు సలహామండలిలో ఉన్న దొర పేరు దానికి పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. వాళ్ళు హాజరు పట్టీ పెట్టి మనుషుల్ని లెక్కపెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చని మాత్రం మన సినిమాలు ఈనాటికీ కాపాడుతున్నాయి. కులం నేరాన్ని మోసుకొస్తుందన్న మాట మన మనుధర్మంలోదా, విక్టోరియా రాణి కాలపు ఐరోపా శాస్త్రంలోదా? రెండూ కూడబలుక్కున్న చోటు అది. పడమరని తిట్టేవాళ్ళకీ పొగిడేవాళ్ళకీ కూడా స్టూవర్టుపురం పనికిరాదు, అందుకే ఎవరూ చెప్పరు.

ఇంక నేను అసలు చెప్పదలుచుకున్న ముగ్గురు మనుషుల దగ్గరికి వస్తాను. 1910 దశకంలో ముగ్గురు తెలుగువాళ్ళు ఓడెక్కి పడమరకి చదువుకోను పోయారు. ముగ్గురూ తిరిగొచ్చి మన ఈ మైదానంలోనే పనిచేశారు. తెచ్చుకున్నవి మాత్రం మూడు వేర్వేరు సంగతులు.

ఉన్నవ లక్ష్మీనారాయణ డబ్లిన్లో బారిస్టరు చదివాడు. ఇంగ్లీషువాడి మీద ఐర్లండు కుతకుతలాడుతున్న రోజులవి. తిరిగొచ్చి గుంటూరులో శారదానికేతనం పెట్టాడు, జైలుకెళ్ళాడు, జైల్లో ‘మాలపల్లి’ రాశాడు. 1922లో అచ్చయితే సర్కారు నిషేధించింది. కవిరాజు త్రిపురనేని రామస్వామి కూడా డబ్లిన్లోనే లా చదివి వచ్చి తెనాలిలో కాపురం పెట్టాడు. ఆయన తెచ్చుకున్నది ప్రశ్న. పురాణాన్ని బోనెక్కించి క్రాస్ ఎగ్జామిన్ చేశాడు, తెలుగులో పెళ్ళితంతు రాసిచ్చాడు. ఆ ప్రశ్న వారసత్వంగా మా నాగండ్లలో రావిపూడి వెంకటాద్రి 1943లో కవిరాజాశ్రమం పెట్టారు. నా చిన్నప్పుడు చుట్ట కాలుస్తూ గెలీలియో గురించి కొట్లాడుకునే రైతుల్ని నేను చూశాను. వాళ్ళెవరూ కాలేజీ గడప తొక్కినవాళ్ళు కాదు.

మూడోవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చేసి వచ్చాడు. నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి దించాడు. 1917లో అది హార్వర్డ్ నుంచి అచ్చయింది. తర్వాత చీరాల. సర్కారు చీరాల పేరాలలని కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేలకి పోయింది. నేతగాళ్ళూ చిన్న రైతులూ ఉన్న ఊరు ఈ పట్టణ భోగం మాకొద్దు మొర్రో అంది. సర్కారు వినలేదు. మునిసిపాలిటీ ఊరికి ఉంటుంది గదా, ఊరే లేచిపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? 1921లో 13 వేల మందికి పైగా జనం ఇళ్ళకి తాళాలేసి, పొలిమేర అవతల రామనగర్ అని పాకలు కట్టుకుని, ఎండకి ఎండి, వానకి తడిసి, పదకొండు నెలలు కాపురమున్నారు. తమ పాలన తామే నడుపుకున్నారు. గోపాలకృష్ణయ్య జైలుకెళ్ళాడు, ఉద్యమం ఓడింది, జనం తిరిగి ఇళ్ళు చేరారు.

మునిసిపాలిటీ పడమటి సరుకు. మమ్మల్నడక్కుండా మా మీద పన్నేమిటి అన్న మాట కూడా పడమటి సరుకేనా? చార్లెస్ రాజు తల తీసిన ఇంగ్లీషువాళ్ళదీ, బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్ళలో కుమ్మరించిన అమెరికావాళ్ళదీ అదే మాట. కానీ కోపమొచ్చి ఊరొదిలి పోవడం మన రైతులు పాలెగాళ్ళ కాలం నుంచీ చేస్తున్నదే. గోపాలకృష్ణయ్య దాన్ని ఎడిన్‌బరోలో నేర్చుకున్నాడా, చీరాల రచ్చబండ మీద నేర్చుకున్నాడా? నా దగ్గర తేలిన జవాబు లేదు. తేలకపోవడమే ఆ పాఠం గొప్ప.

అదే చీరాలకి 1985 జూలైలో ఇంకో జనం ఊరొదిలి వచ్చారు, కారంచేడు నుంచి. అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు, మిగతావాళ్ళు పారిపోయి వచ్చి చీరాలలో శిబిరం పెట్టారు. ఈసారి ఊరొదిలింది పన్ను మీద కాదు, పక్కవీధి మనుషుల మీద. చట్టం ముందు అందరూ సమానమే అన్న వాక్యం ఫ్రాన్సులో 1789లో రాశారని నేను బోర్డు మీద రాస్తున్నప్పుడు, ఆ శిబిరంలో పుట్టి పెరిగినవాళ్ళ ఈడు పిల్లలు నా ముందు బెంచీల్లో ఉన్నారు. నేను తేదీ రాసి ముందుకెళ్ళిపోయాను. నా ఉద్యోగంలో నన్ను నేను క్షమించుకోలేని రోజు అది.

అయ్యా, ఈ రోజుల్లో రెండు కేకలు వినపడుతున్నాయి. పడమర చదువంతా బానిస చదువు, తీసి పారేయండి అని ఒకటి. వీసా వచ్చే చదువు తప్ప మిగతాదంతా దండగ అని రెండోది. మొదటి కేక వేసేవాళ్ళ పిల్లలు కూడా డల్లాస్‌లోనే ఉన్నారు కాబట్టి ఈ రెండింటికీ అంత దూరం లేదు. నా గొడవ ఇద్దరితోనూ ఉంది. మన తాతల వంటింట్లో, చేలో, మగ్గంలో, మునిసిపాలిటీలో, పోలీసు హాజరు పట్టీలో ఉన్నదాన్ని పరాయి చరిత్ర అనడం ఎలా కుదురుతుంది?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. చరిత్ర మేజరుగా తీసుకోండని ఎవరి మెడ మీదా కత్తి పెట్టొద్దు. కంప్యూటర్లు చదివే పిల్లాడికీ, కామర్సు చదివే పిల్లకీ ఒక్క సెమిస్టరు, ఒక్క పేపరు పెట్టండి. దానికి పాఠ్యపుస్తకం మోటుపల్లి నుంచి మొదలుపెట్టించండి, ఎథెన్సుకి అక్కణ్ణించి వెళ్ళొచ్చు. ప్రతి కాలేజీ తన చుట్టూ పాతిక కిలోమీటర్లలో ఉన్నదాన్ని పాఠం చేసుకునే వీలివ్వండి. మార్కుల్లో సగం తిరిగి చూసి రాసినదానికి పెట్టండి. కారణాలు ఆరు అని రాసినదానికి తక్కువ పెట్టండి. షేర్ ఆటో ఖర్చులు లెక్చరర్ జేబులోంచి కాకుండా చూడండి.

ఈ పేపరు తయారుచేసే సంఘాన్ని వేస్తే, దాని మొదటి సమావేశం విజయవాడలో ఏసీ గదిలో కాకుండా గుంటూరు మిర్చియార్డులో పెట్టండి. ఫిబ్రవరి నెలాఖరుకి రండి, టిక్కీలు, అంటే మిరప బస్తాలు, అప్పటికి లారీల నుంచి దిగుతుంటాయి. గేటు దాటగానే దగ్గు మొదలవుతుంది. మూతికి కట్టుకోను ఒక తడి రుమాలు తెచ్చుకోండి, యార్డులో ఇవ్వరు.

ఇట్లు,
పర్చూరు వైపు పల్లె నుంచి
ఒక పాత చరిత్ర లెక్చరర్